జునిపర్ చెక్క కోసం నాలుగు రోజులు

మొదటి రోజు: హిల్స్‌బరో నుంచి బెండ్

ఈ ప్రయాణానికి అసలు కారణం గోంగూర. పెరట్లో నాలుగు వైపులా చెక్కలు బిగించి, మధ్యలో మట్టి నింపి కూరగాయలు వేసుకోవడం ఇక్కడ మామూలే. మూడేళ్ళ కిందట చవగ్గా వస్తుందని ఫర్ అనే చెట్టు చెక్కలతో కట్టాను. ఒరెగాన్ రాష్ట్రంలో మా ఊరు హిల్స్‌బరో వానలకి అవి నాని నాని, ఈ వేసవిలో నాన్న ఒక మూల కాలితో తడితే తడిసిన బిస్కెట్టులా విరిగి పడింది. మందు పట్టించిన చెక్క వేద్దామంటే, తినే ఆకు పక్కన మందేమిట్రా అని అమ్మ ఒప్పుకోలేదు.

పోర్ట్‌లాండ్‌లో ఒక కలప అడితిలో అడిగితే జునిపర్ అనే చెట్టు చెక్క తీసుకోమన్నాడు. మందు అక్కర్లేదు, మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది, పైగా మీరు కొంటే తూర్పు ఒరెగాన్ నేలకి మేలు చేసినవాళ్ళవుతారు అన్నాడు. ధర మాత్రం ఫర్ కంటే బాగా ఎక్కువ చెప్పాడు. చెట్టు కొట్టిన చెక్క కొంటే నేలకి మేలేమిటి? నాన్న ఆ ప్రశ్న పట్టుకుని వదల్లేదు. కనిగిరి పక్కన మెట్ట సేద్యం చేసి, ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఇంట్లో విసుగెత్తి ఉన్నాడు. మా ఆఫీసులో ఒకతని సొంత ఊరు ప్రైన్‌విల్. వాళ్ళ బాబాయికి అటువైపు పశువుల రాంచ్ ఉంది, ఒక ఫోన్ కొట్టి మా సంగతి చెప్పాడు. అక్టోబరు మొదటి వారం, పులిహోర డబ్బా, ఆవకాయ సీసా, వెనక సీట్లు మడిచిన వ్యాను. అమ్మ మనవరాలి దగ్గర ఉండిపోయింది.

26వ నంబరు రోడ్డు మౌంట్ హుడ్ పక్కనుంచి ఎక్కి దిగుతుంది. ఎక్కేటప్పుడు నాచు పట్టిన తడి అడవి. దిగి వార్మ్ స్ప్రింగ్స్ చేరేసరికి ఎండు గడ్డి, నల్లరాళ్ళు. మబ్బులన్నీ కొండలకి అవతలే కురిసేస్తాయి, ఇవతలకి మిగిలేది ఏడాదికి పది పన్నెండు అంగుళాల వాన. "ఇది మన వైపు లాగుంది" అన్నాడు నాన్న, అమెరికా వచ్చిన మూడు నెలల్లో మొదటిసారి. ఇంకాస్త ముందుకెళ్తే మద్రాస్ అని ఊరి బోర్డు. నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. కొట్లో అమ్మిన మద్రాసు గుడ్డ తాను మీద ఉన్న పేరే ఊరికి పెట్టారని ఇక్కడ చెప్పుకుంటారు.

సాయంత్రం బెండ్‌కి తూర్పున బ్యాడ్‌ల్యాండ్స్‌లో నడిచాం. పాత లావా ప్రవహించి గడ్డకట్టిన నేల, దాని మీద గాలికి కొట్టుకొచ్చిన అగ్నిపర్వతపు బూడిద, ఇసుక. 2009లో దాదాపు 29 వేల ఎకరాలని రక్షిత ప్రాంతం చేశారు. జునిపర్‌ని నేను దగ్గరగా చూడడం ఇక్కడే. ఎత్తు మహా అయితే మన వేపచెట్టంత. మొదలు తాడు పేనినట్టు మెలికలు తిరిగింది. బెరడు ఎర్రగా, నారనారగా ఊడొస్తుంది. సగం కొమ్మలు ఎండిపోయి, వాటి మీద నిమ్మపండు రంగులో నాచులాంటిది పట్టి ఉంది. తల గుండ్రంగా, ఒక పక్క విరిగి ఉంది. వెయ్యేళ్ళు దాటిన చెట్లున్నాయట ఈ అడవిలో. రాళ్ళ మధ్య గడ్డి పలచన కాబట్టి మంట ఇంతదూరం రాలేక ఇవి బతికిపోయాయి. నాన్న ఒక చెట్టు చుట్టూ తిరిగి వచ్చి, "దీన్ని కొట్టినవాడు బాగుపడడు" అన్నాడు. కొట్టేది ఇవి కాదు నాన్నా, వీటి మునిమనవల్ని, అన్నాను. నాకూ అప్పటికి అంతే తెలుసు.

రెండో రోజు: ప్రైన్‌విల్, పోస్ట్, క్యాంప్ క్రీక్

ప్రైన్‌విల్ ఒకప్పుడు కలప మిల్లుల ఊరు. మిల్లులు మూతపడ్డాక డేటా సెంటర్లు వచ్చాయి, ఫేస్‌బుక్ తన మొదటి సొంత డేటా సెంటరు 2011లో ఇక్కడే తెరిచింది. అక్కణ్ణించి క్రుకెడ్ నది వెంట ఆగ్నేయంగా వెళ్తే పోస్ట్ అనే ఊరు వస్తుంది. ఊరంటే ఒక కొట్టు. మొదటి పోస్టుమాస్టరు ఇంటిపేరు పోస్టట, అదే ఊరి పేరయింది. కంచె గుంజని కూడా ఇంగ్లీషులో పోస్ట్ అనే అంటారు కదా, మేం వచ్చింది గుంజల చెట్టు కోసం కదా అని నాన్నకి చెప్పబోయాను. మరీ లాగినట్టుందని మానుకున్నాను.

రాంచ్ పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. నాన్న చేయి ఒకసారి తిప్పి చూసి, రైతే అని తేల్చుకున్నట్టు తల ఊపాడు. భాష నేను మధ్యలో ఉండి నడిపాను గానీ, కంచె దగ్గర నా అవసరం కూడా రాలేదు. "ఈ గుంజలు మా నాన్న పాతినవి" అని ఆయన చూపిస్తే నాన్న ఒక్కోదాన్ని పట్టుకుని ఊపి చూశాడు. మెలికలు తిరిగిన జునిపర్ మొద్దులు, బెరడు కూడా అక్కడక్కడ అలాగే ఉంది. ఊపితే తీగ కదిలింది గానీ గుంజ కదల్లేదు.

ఆయన పికప్‌లో మమ్మల్ని ఒక మిట్ట ఎక్కించాడు. ఎదురుగా రెండు కొండవాలులు. ఒకటి ముదురాకుపచ్చగా నిండా జునిపర్. రెండోది బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలు, మధ్యలో గడ్డి దుబ్బులు, నరికి పడేసిన చెట్ల తెల్లటి అస్థిపంజరాలు. తన చిన్నప్పుడు మొదటిది కూడా రెండోదానిలాగే ఉండేదట. 1936 అటవీ సర్వేలో ఒరెగాన్ మొత్తం మీద జునిపర్ అడవి 4 లక్షల 20 వేల ఎకరాలు. 1999 వచ్చేసరికి 33 లక్షలు.

నాన్నకి వెంటనే సర్కారు తుమ్మ గుర్తొచ్చింది. మా వైపు కంపచెట్టు అంటాం. "అది బయటనుంచి తెచ్చి చల్లింది. ఇదీ అంతేనా అడుగు" అన్నాడు. కాదట. జునిపర్ ఇక్కడిదే, పరాయిది కాదు. మారింది నేల మీద మనిషి వాడకం. వెనకటికి పదిహేను, ఇరవై ఏళ్ళకొకసారి గడ్డిలో మంట పాకేది, కొంత పిడుగుల వల్ల, కొంత ఇక్కడి ఆదివాసులు పెట్టడం వల్ల. జునిపర్ పిల్లచెట్టు బెరడు పలచన, మంట తగిలితే చస్తుంది. 1870ల తర్వాత గొర్రెలు, పశువులు వేలకొద్దీ దిగాయి, గడ్డి నున్నగా మేసేశాయి, మంట పాకడానికి ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత ప్రభుత్వమే మంటలు ఆర్పడం మొదలుపెట్టింది. పిల్లచెట్లన్నీ బతికాయి. "అంటే మా తాతల పశువులే" అన్నాడు పెద్దాయన, తప్పు ఒప్పుకున్నట్టూ కాదు, తప్పించుకున్నట్టూ కాదు.

ఒక పెద్ద జునిపర్ ఎండాకాలం రోజుకి 30 గ్యాలన్ల నీళ్ళు తాగుతుందని ఇక్కడ అందరి నోటా వింటాం. అంటే నూట పదమూడు లీటర్లు, ఆరేడు బిందెలకి పైనే. రాంచర్లకి నచ్చిన లెక్క కాబట్టి నాకు కాస్త అనుమానం. అయితే ఈ క్యాంప్ క్రీక్ దగ్గరే ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు ఓపిగ్గా చేసిన పని ఒకటుంది. టిమ్ డిబూట్ అనే, రైతులకి సలహాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ఉద్యోగి, ఇంకొందరు కలిసి పక్కపక్కన ఉన్న రెండు చిన్న వాగుల పరివాహకాల్ని 1993 నుంచి కొలవడం మొదలుపెట్టారు. పన్నెండేళ్ళు ఊరికే కొలిచారు. 2005లో ఒకదాంట్లో మాత్రమే జునిపర్ కొట్టించారు, నూట నలభై ఏళ్ళకి పైబడిన ముసలి చెట్లని వదిలేసి. రెండోదాన్ని ముట్టుకోలేదు. కొట్టినవైపు ఊట పెరిగింది, బోరుగుంతల్లో నీరు ఇంకొన్నాళ్ళు ఎక్కువ నిలిచింది.

ఈ మాట విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మా పొలంలో బావి ఎండిపోయిన ఏడాది ఆయన మనసులో ఉందని నాకు తెలుసు. కాసేపటికి అడిగిన ప్రశ్న మాత్రం సేద్యగాడిది: "కొట్టాక మొదట్లోంచి చిగురేస్తుందా?" వెయ్యదు. జునిపర్‌ని నేలకి కోస్తే అంతటితో సరి. "ఒరే, మన కంపకి ఈ బుద్ధుంటే ఎంత బావుండేదిరా" అన్నాడు. మా ఊళ్లో ఎన్నిసార్లు కొట్టి బొగ్గుల బట్టీల్లో పెట్టినా, రెండేళ్ళకి అది మళ్ళీ నెత్తి మీదికొస్తుంది.

చిగురు రాదు సరే, ఇంకోటి వస్తుంది. నరికిన వాలు మీద పెద్దాయన వంగి ఒక పీచు గడ్డి పీకి చూపించాడు. చీట్‌గ్రాస్. వసంతంలో పచ్చగా లేచి జూన్‌కల్లా అట్టలా ఎండిపోతుంది, అగ్గిపుల్ల చాలు. జునిపర్ మరీ చిక్కగా ముసిరిన చోట కింద మంచి గడ్డి చచ్చి ఉంటుంది, అక్కడ చెట్టు కొడితే ఖాళీ నేలని ముందు ఆక్రమించేది ఇదే. అందుకని పలచగా ఉన్న చోటే, చెట్లు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. సేజ్ గ్రౌస్ అనే నేలకోడి సంగతీ ఇంతే. మగవి వసంతంలో బయలు నేలలో చేరి గుండె ఉబ్బించి ఆడతాయి. చుట్టుపక్కల వందకి నాలుగు పాళ్ళు చెట్టునీడ దాటితే ఆ ఆటస్థలాలు ఖాళీ అవుతున్నాయని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ పక్షి కోసం కేంద్రప్రభుత్వం ఇచ్చే డబ్బుతోనే ఈయన సగం కొండ కొట్టించాడు.

కొట్టిన చెట్లు ఏమయ్యాయి అని అడిగాను. చూస్తున్నావుగా అన్నట్టు చెయ్యి చాపాడు. అలాగే పడున్నాయి. కొన్ని గుట్టలేసి చలికాలం తగలబెడతారట. మిల్లువాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, వీటిలో పలకలు రావన్నారు. ఇంతింత చేవ చెక్క మట్టిపాలా అని నాన్న ముఖం చిన్నబోయింది. మా ఊళ్ళో ఎండుకంప కట్ట కోసం కూడా కొట్లాటలు జరిగిన రోజులున్నాయి.

మూడో రోజు: మిచెల్, ఫాసిల్

ఒచోకో కనుమ మీదుగా మిచెల్ దాకా ప్రయాణం హాయిగా సాగింది. పెయింటెడ్ హిల్స్ ఎర్ర, పసుపు చారల మట్టి కొండల్ని అందరూ ఫొటోల్లో చూసే ఉంటారు, అవి నిజంగానే అలా ఉంటాయి. వీలర్ కౌంటీ ఒరెగాన్ మొత్తంలో జనం అతి తక్కువ ఉన్న కౌంటీ, 2020 లెక్కల్లో 1,451 మంది. మా ఇంటి దగ్గరి అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు. పెట్రోలు గీత ఎర్రలోకి దిగుతుంటే, సిగ్నల్ లేని ఫోన్ పట్టుకుని సర్వీస్ క్రీక్ దాటాం. ఆ నలభై నిమిషాల టెన్షన్‌లో నాన్న కిటికీలోంచి చెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఫాసిల్ ఊరికి పేరు తగిందే, హైస్కూలు వెనక గుట్టలో ఎవరైనా సుత్తి పట్టుకెళ్ళి కోట్ల ఏళ్ళనాటి ఆకుల ముద్రలు తవ్వుకోవచ్చు. మేం మాత్రం తిన్నగా సామిల్లుకి పోయాం. ఊరికి కాస్త దూరంగా రేకుల షెడ్డు, ముగ్గురు మనుషులు, బ్యాండ్ సా అనే ఒక పట్టీ రంపం. కారు దిగగానే వాసన. చిన్నప్పుడు బళ్ళో కొత్త పెన్సిలు చెక్కినప్పుడు వచ్చేది. నిజంగా అదే: పాతకాలం అమెరికా పెన్సిళ్ళు చేసిన ఎర్ర సెడార్ కూడా జునిపర్ జాతే.

యజమాని ఒక దుంగ రంపం మీదికి ఎక్కిస్తూ ఒక్కొక్కటి చూపించాడు. పొడవు ఎనిమిదడుగులు, ఇంతకంటే తిన్నని ముక్క దొరకడం కష్టమట. మొదట్లో వెడల్పు పద్నాలుగు అంగుళాలు, అవతలి కొసకి తొమ్మిది. క్యారట్‌లా సన్నబడే ఈ దుంగని చదరంగా కోయాలంటే చుట్టూ పక్కచెక్కలే పోతాయి. మొదలు గుండ్రంగా ఉండదు, గాడులు గాడులుగా ఉంటుంది, ఆ గాడుల్లో బెరడు లోపలికి చొచ్చుకుని ఉంటుంది. అడుగడుక్కీ కొమ్మ ముడులు. అన్నిటికంటే ఆయన్ని ఏడిపించేది ఇసుక. వందేళ్ళు గాలి కొట్టిన ఇసుకంతా ఆ నారబెరడులో కూరుకుని ఉంటుంది. నా అరచేతిలో ఒక బెరడు పీచు పెట్టి నలపమన్నాడు, గరగరమని సన్నటి రాళ్ళు రాలాయి. రంపం పళ్ళు దాని మీద మొద్దుబారతాయి. మామూలు పైన్ కోసే మిల్లులో రోజుకొకసారి మార్చే పట్టీ, ఇక్కడ పూటకి రెండుసార్లు మార్చాల్సొస్తోందట. ఒక్కోసారి లోపల పాత ముళ్ళతీగ మేకు తగులుతుంది, ఆ రోజు ఇంక పట్టీ సంగతి చెప్పక్కర్లేదు.

రంపం అటు పోయి ఇటొచ్చేసరికి మొదటి పలక విడింది. నాన్న తడి చెక్క మీద వేలు రాశాడు. అంచుల్లో వెన్నరంగు, మధ్యలో చేవ లేత ఇటుకరంగు నుంచి ఊదాకి తిరిగే రంగు. ముడుల చుట్టూ నీటిలో రాయి వేసినట్టు సుళ్ళు. "ఇంట్లో బీరువా చేయించాల్సింది, మట్టిలో పెడతావేంట్రా" అన్నాడు.

మట్టిలో పెట్టడానికే దీనికి గిరాకీ. కొర్వాలిస్ దగ్గర పీవీ ఆర్బరేటంలో యూనివర్సిటీవాళ్ళు 1927 నుంచి రకరకాల చెట్ల గుంజలు వరసగా నేలలో పాతి, ఏటా ఒక్కోదాన్ని పక్కకి లాగి చూసేవాళ్ళు. విరిగితే దాని ఆయుష్షు అంతే. మందు పెట్టని జునిపర్ గుంజ సగటున 30 ఏళ్ళు నిలిచింది, రెడ్‌వుడ్‌ని కూడా దాటి. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉన్న ద్రాక్షతోటల్లో ఆర్సెనిక్ లాంటి మందు పట్టించిన కొత్త గుంజలు పాతకూడదు కాబట్టి వాళ్ళు ఈయన దగ్గరకొస్తారు. మిగతాదంతా నాలాంటి పెరటి తోటలవాళ్ళు. పొట్టు గుర్రాల కొట్టాల్లోకి పోతుంది.

మరి నిన్న మేం చూసిన కొండంతా ఊరికే పడుంది కదా, మీకు కలప కొరతేమిటి అని అడిగాను. ఆయన రంపం ఆపేశాడు. ఈ ప్రశ్న చాలామంది అడిగి ఉంటారు.

"రాంచర్లు నన్ను పిలిచేది నాకు పనికిరాని చెట్ల కోసం" అన్నాడు. నేలకి మేలు చేయాలంటే ముందు కొట్టాల్సింది పలచటి చోట్ల ఉన్న చిన్నచెట్లు. అవి నా మోకాలంత లావు, వాటిలో పలక లేదు. ముసలి చెట్లు ఎవరూ కొట్టకూడదు, ఈయనా కొట్టడు. పైగా వాటి లోపల పుచ్చు. మిల్లుకి కావాల్సినవి ఆ రెంటికీ మధ్యవి, ఎనభై నుంచి నూట ఇరవై ఏళ్ళవి, చిక్కగా పెరిగినవి. ఆ చిక్కటి చోట్ల కొట్టినా గడ్డి తిరిగి రాదని పక్షుల డబ్బు అటు పోదు. కొట్టే ఖర్చు ఎవరూ ఇవ్వని చోట కలప ఉంది, ఇచ్చే చోట కలప లేదు. దానికి తోడు రోడ్డులేని కొండలు, వంకర దుంగలు. లారీలో సగం గాలే ప్రయాణం చేస్తుందన్నాడు. 2015లో ఒరెగాన్ శాసనసభ జునిపర్ కోతవాళ్ళకి, మిల్లులకి అప్పులు, గ్రాంట్లు ఇవ్వడానికి ఒక నిధి పెట్టింది. అలాంటివి సాయపడ్డాయి గానీ వంకర దుంగని తిన్నగా చెయ్యలేవు కదా.

పోర్ట్‌లాండ్ అడితివాడు చెప్పిన మాట నాకు ఇక్కడ సగమే మిగిలింది. పలక కొంటే ఎక్కడో ఊట పొంగుతుందన్నది మరీ సాగదీసిన మాట. అబద్ధం కూడా కాదు, ఈ షెడ్డులో ముగ్గురికి జీతాలు వస్తున్నాయి, కొన్ని ఎకరాల్లోనైనా తగలబెట్టాల్సిన దుంగలు లారీ ఎక్కుతున్నాయి. పన్నెండు పలకలు కొన్నాను. బేరం ఆడదామని నాన్న సైగ చేశాడు. ఆ ఇసుక చూశాక నాకు నోరు రాలేదు.

రాత్రి మోటెల్ మైక్రోవేవ్‌లో పులిహోర వేడి చేస్తే గదంతా ఇంగువ, కిందకి దిగితే వ్యానులో జునిపర్. నాన్న పడుకునే ముందు ఒకసారి కిందకెళ్ళి పలకలు చూసొచ్చాడు.

నాలుగో రోజు: ఇంటికి

218వ నంబరు రోడ్డు మీద క్లార్నో దాటి ఆంటిలోప్. నలభై ఇళ్ళు కూడా లేని ఈ ఊరి పక్కనే 1981లో ఓషో రజనీష్ మనుషులు అరవై నాలుగు వేల ఎకరాల రాంచ్ కొని నగరం కట్టబోయారు, నాలుగేళ్ళలో అంతా ముగిసింది. నాన్నకి ఆ కథ పేపర్లలో చదివిన గుర్తు. ఆ రోల్స్ రాయిస్ కార్ల ఆయనేనా అని అడిగి, కొండల వైపు చూసి, ఇక్కడా జునిపరే అన్నాడు.

షానికో, ఆ తర్వాత కొలంబియా నది, ఆ తర్వాత వాన. మూడింటికల్లా హిల్స్‌బరో. పాత ఫర్ చెక్కలు పారతో ఎత్తితే అడుగున తెల్ల బూజు, వానపాములు. కొత్తవి బిగించడానికి నాకు రెండు గంటలు పట్టింది, ముడుల దగ్గర స్క్రూ దిగక మూడు డ్రిల్ బిట్లు విరిగాయి. అమ్మ వచ్చి వాసన చూసి, దేవుడి గదిలో పెట్టుకోడానికి ఒక ముక్క కావాలంది.

మిగిలిన ముక్కల్లోంచి నాన్న ఒక జానెడు జునిపర్, పాతదాంట్లో ఇంకా గట్టిగా ఉన్న జానెడు ఫర్ ఏరుకున్నాడు. పెరటి మూల గొయ్యి తీసి రెండూ పక్కపక్కన సగం దాకా పాతి, చుట్టూ మట్టి కాలితో తొక్కాడు. నా దగ్గర మార్కర్ అడిగి జునిపర్ ముక్క నెత్తిన తారీఖు వేశాడు. ఏటా ఇదే రోజు పట్టుకుని ఊపి చూడమన్నాడు.

"ఎన్నేళ్ళు చూడాలి నాన్నా?"

"వచ్చే ఏడు వీసా ఇస్తే నేనే ఊపుతా. ఇవ్వకపోతే నువ్వు వీడియో తీసి పంపు" అని కాళ్ళు కడుక్కోడానికి కుళాయి దగ్గరకి వెళ్ళాడు.